గవరయ్య కడుపులో పులి

మామిడిగొందిలో గవరయ్యది తెలివైనవాళ్ళ ఇల్లు. ఊరన్న మాట కాదు, గవరయ్యే అనేవాడు. "లోకులు ఒకటి అని ఇంకోటి అనుకుంటారు. మా ఇంట్లో అలాక్కాదు, అన్నమాటే అర్థం" అని మీసం తిప్పేవాడు. నిజమే మరి. ఓసారి పక్క ఊరాయన పెళ్ళికి పిలుస్తూ "ఇంటిల్లిపాదీ రావాలి" అన్నాడు. ఇంకేముంది! గవరయ్యా, భార్య నూకాలమ్మా, తమ్ముడు బోడయ్యా కలిసి వీధితలుపు ఊడదీసి బండిలో వేసుకెళ్ళారు. ఇల్లంతా తేలేకపోయామని పెళ్ళివారికి క్షమాపణ కూడా చెప్పుకున్నారు.

అలాంటి ఇంటికి మామిడికాయల రోజుల్లో కష్టం వచ్చింది. నూకాలమ్మ ఆ ఏడు ఆవకాయ అత్తగారి పెద్ద జాడీలో పెట్టి మూతికి గుడ్డతో వాసెన కట్టింది. గవరయ్యకి ఏడాదికి పండగ ఒక్కటే, ఆ వాసెన విప్పే రోజు. ఈ వెర్రి చాలామందికి ఉంటుంది, తప్పు పట్టకూడదు. వేడన్నంలో నూనె కారుతున్న మొదటి ముద్ద కోసం రోజూ జాడీ పక్కనే కూర్చుని వాసన పీల్చేవాడు. సరిగ్గా రేపు విప్పుతారనగా ఛాతీ పట్టుకుని "గుండెల్లో మంటే!" అని కేక పెట్టాడు.

అంతే, నూకాలమ్మ కడివెడు నీళ్ళు తెచ్చి గుండెల మీద గుమ్మరించింది. బోడయ్య తట్టెడు ఇసక పోశాడు. మంట ఆరలేదు గానీ గవరయ్యకి తుమ్ములు పట్టుకున్నాయి.

డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన పొట్ట నొక్కి చూశాడు.

"పులితేన్పులు వస్తున్నాయా?"

గవరయ్య రెండు చేతుల్తో పొట్ట పట్టుకున్నాడు. "పులా బాబూ?"

"ఆఁ. కడుపులోంచి పైకి తంతోంది కదూ?"

"తంతోంది బాబూ!"

"భయం లేదు. ఈ మాత్ర రోజూ పొద్దున్నే పరగడుపున పడాలి. మొత్తంగా మింగాలి, నమలకూడదు. తిన్న వెంటనే నడుం వాల్చకు. కొందరికి సైడ్ ఎఫెక్టులొస్తాయి, తలనొప్పీ, విరేచనాలూ. ఎక్కువైతే పరుగెత్తుకు రా. తగ్గేదాకా ఆవకాయ చేత్తో ముట్టుకోకు."

ఇంటికొచ్చి ముగ్గురూ సభ తీర్చారు.

"పులి ఎలా దూరిందే లోపలికి?" అన్నాడు గవరయ్య.

"నోరు తెరుచుకుని పడుకుంటారుగా!" అంది నూకాలమ్మ.

ఇంతలో బ్రేవ్‌మని తేన్పొచ్చింది. బోడయ్య అటక ఎక్కాడు. నూకాలమ్మ మాత్రం ధైర్యంగా మొగుడి పొట్ట జోకొట్టి "పడుకో నాయనా, పడుకో" అంది.

నడుం వాల్చకూడదు కనక గవరయ్య వీపుకి రోకలి కట్టారు. ఇక మిగిలింది మాత్ర.

"పరగడుపు అంటే?" అటక మీంచి అడిగాడు బోడయ్య.

"చదువుకోనివాడివి! పర అంటే పరాయి. కడుపంటే కడుపు. పరాయివాడి కడుపులో పడాలి. నా కడుపులో వేస్తే పులి తినెయ్యదూ?"

అంత లోతైన సంగతి డాక్టరు ఒక్క మాటలో చెప్పాడని ముగ్గురూ ఆశ్చర్యపోయారు. మర్నాటి నుంచి మాత్ర బోడయ్య మింగాడు. జబ్బు లేనివాడికి మందు పడితే ఏమవుతుంది? తలనొప్పి పట్టుకుంది. ఆపైన చెంబు చేత్తో పట్టుకుని దొడ్లోకీ ఇంట్లోకీ ఒకటే తిరుగుడు.

గవరయ్య సంబరపడిపోయాడు. "సైడంటే పక్క. నా పక్కన పడుకునేది నువ్వేగా! మందు పనిచేస్తోందిరోయ్!"

"అన్నయ్యా, నేను ఇంకో పక్కకి పోతాను" అని ఏడ్చాడు బోడయ్య.

కానీ గవరయ్యకి మంట తగ్గలేదు. ఆవకాయ ఊరిపోయింది, నూనె తేలింది, వీధి వీధంతా వాసన. ఈ ఏడు ముద్ద దక్కకుండానే పోతుందేమోనని అతనికి కన్నీళ్ళొచ్చాయి. అప్పుడు నూకాలమ్మకి తట్టింది.

"ఏవండీ, మరిది పరాయివాడా?"

అంతే! ముగ్గురూ నాలిక్కరుచుకున్నారు. ఊళ్ళో అందరూ ఏదో వరసైనవాళ్ళే. పై ఊరి నుంచి వచ్చిన పరాయివాడు డాక్టరొక్కడే. ఇంకేముంది, పరుగెత్తుకు రమ్మన్నాడు కనక పరుగెత్తుకుంటూ వెళ్ళారు, రోకలితో సహా. బోడయ్య డాక్టరు చేతులు పట్టుకున్నాడు, నూకాలమ్మ ముక్కు మూసింది, గవరయ్య ఆయన నోట్లో మాత్ర వేశాడు.

"నమలకూడదు బాబూ, మొత్తంగా మింగాలి!"

డాక్టరు తుపుక్కున ఊసి, నీళ్ళు తాగి, పులితో సహా జరిగిందంతా విని, దణ్ణం పెట్టాడు. "బాబూ గవరయ్యా! పరగడుపంటే ఖాళీ కడుపు. నీ కడుపే! టిఫినుకి అరగంట ముందు నీ మాత్ర నువ్వే మింగాలి. ఒకరి మందు ఒకరు వాడకూడదు. సైడ్ ఎఫెక్టులొచ్చేది పక్కవాడికి కాదు, మింగినవాడికే. మింగుడు పడకపోయినా, విరేచనం నల్లగా అయినా వెంటనే రావాలి. తగ్గిందని నువ్వే కొనుక్కుని ఏళ్ళ తరబడి మింగకు, నన్నడుగు. ఇందులో పులీ లేదు, పిల్లీ లేదు!"

"పిల్లి కూడానా!" అంది నూకాలమ్మ, పొట్టకేసి జాలిగా చూసి.

ఏమైతేనేం, ఖాళీ కడుపన్న మాట తలకెక్కింది. గవరయ్య బుద్ధిగా మింగాడు. మంట తగ్గుముఖం పట్టింది. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే ముద్ద దక్కేదే. కానీ జాడీ వాసన పక్కన పెట్టుకుని ఎవరు ఓపిక పడతారు?

ఓ పొద్దున్న ఇంకా మాత్ర వేసుకోకముందు గవరయ్య జాడీ దగ్గర చేరాడు. చేత్తో ముట్టుకోకూడదు. ముట్టుకోలేదు. పళ్ళతో వాసెన లాగి, చేతులు వెనక్కి కట్టుకుని, తల లోపల పెట్టాడు. చీకటి, ఆవఘాటు, పెదవులకి నూనె. స్వర్గం! ఒక ముక్క, ఇంకో ముక్క. తీరా తల తీయబోతే రాలేదు.

"నూకాలూ! నే చేత్తో ముట్టుకోలేదే!" జాడీ గుంయ్‌మంది.

బోడయ్య మాత్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "వదినా, మాత్ర వేళైంది. అన్నయ్య నోరేదీ?"

"జాడీ కడుపులో ఉంది."

"అయితే జాడీలో వెయ్యనా?"

"ఆగు! పరగడుపున వెయ్యాలన్నాడుగా? జాడీది ఖాళీ కడుపు కాదే! నిండా ఆవకాయ." నూకాలమ్మ క్షణం ఆలోచించి జాడీ మీద టకటకా కొట్టింది. "ఏవండీ! మందు పడాలంటే జాడీ ఖాళీ కావాలట. తొందరగా తినేయండి!"

డాక్టరు మాట జవదాటే ఇల్లు కాదది. లోపల్నించి కరకరమని చప్పుడు మొదలైంది. చాలాసేపు సాగింది. ఆ తర్వాత జాడీ అడుగు నుంచి, వీధి కుక్కలన్నీ తోక ముడిచేలా, ఒక తేన్పు.

బోడయ్య మళ్ళీ అటక మీదున్నాడు.

"వదినా! పులి జాడీలోకి మారింది! అన్నయ్య తల బయటికి రాకముందే వాసెన కట్టెయ్!"