చెంగలి పచ్చిక కింద ఏముంది?

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ, చెట్లు కాస్త ఎడంగా నిలబడిన చోట, చెంగలి అనే కుందేలు ఉండేది. దాని బొరియ ముందు ఒక పచ్చిక ఉండేది. అబ్బో, ఏం పచ్చికనుకున్నారు! ఒకప్పుడు అక్కడ అన్నీ రాళ్లూ రప్పలే. చెంగలి ఒక్కో రాయినీ పక్కకి దొర్లించింది. వాగు గట్టు నుంచి గరిక తీగలు నోట కరచుకొచ్చి నాటింది. మోదుగాకు దొన్నెతో నీళ్లు మోసుకొచ్చి పోసింది. చూస్తూ చూస్తూ ఉండగానే నేలంతా పచ్చగా అల్లుకుపోయింది. దాని మీద వెల్లకిలా పడుకుంటే వీపుకి చల్లగా, మెత్తగా, ఎంత హాయిగా ఉండేదో!

ఒకరోజు పొద్దున్నే నేల దద్దరిల్లింది. ధన్! ధన్! ధన్! ఎవరా అని చూస్తే ఏనుగు అవ్వ. అడవిలో ఏ వేడుక జరగాలన్నా, ఏ తగవు తీరాలన్నా ఏనుగు అవ్వ మాటే మాట.

"చెంగలీ! ఈసారి దూకుళ్ల పోటీ నీ పచ్చిక మీదే పెడదామనుకుంటున్నానే. వానలు వెనకబట్టాక అడవి అడవంతా ఇక్కడికే వస్తుంది. నీకు సమ్మతమేనా?" అని అడిగింది అవ్వ.

చెంగలి సంబరపడిపోయింది. గాల్లోకి ఒక గంతు వేసింది. ఇంకో గంతు వేసింది. మూడో గంతుకి బొరియ గుమ్మం తగిలి తల బొప్పి కట్టింది. అయినా నవ్వుతూనే ఉంది.

"సమ్మతమే అవ్వా! సమ్మతం, సమ్మతం, సమ్మతం!" అని అరిచింది.

ఇక ఆ రోజు నుంచి చెంగలి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు! పచ్చికని ఈ చివర నుంచి చూసేది, ఆ చివర నుంచి చూసేది. ఎండుటాకు పడితే పరుగున వెళ్లి తీసేసేది. జింకలొస్తాయి, నెమళ్లొస్తాయి, కొండ అవతలి కుందేళ్లు కూడా వస్తాయి! "ఈ పచ్చిక ఎవరిదమ్మా?" అని అడుగుతారు. "చెంగలిది" అని చెబుతారు. ఆ మాట తలుచుకుంటేనే దాని చెవులు నిక్కబొడుచుకునేవి.

అంతలో తొలకరి పడింది. పొద్దు గుంకే వేళ జుయ్యిమంటూ ఒక పెంకుపురుగు వచ్చి గరిక మీద వాలింది. దాని గోధుమరంగు పెంకు నిగనిగా మెరుస్తుంది కాబట్టి అందరూ దాన్ని నిగనిగమ్మ అనేవారు.

"ఆహా, ఏం పచ్చిక అక్కా! ఇంత అందమైన చోటు నా కళ్లతో నేనెక్కడా చూడలేదు" అంది నిగనిగమ్మ.

చెంగలి పొంగిపోయింది. "నిజంగానా?"

"నీ మీద ఒట్టు! కానీ అక్కా, ఆ గుంటలేమిటి? అక్కడొకటి, ఇక్కడొకటి! చీరకి చిల్లులు పడ్డట్టుంది. పోటీకి వచ్చినవాళ్లు చూస్తే నవ్వరూ?"

ఆ గుంటలు గోరింకలవి. రోజూ పొద్దున్నే గోరింకల గుంపు వచ్చి, పచ్చిక మీద తాపీగా నడుస్తూ, ముక్కులతో టకటకా పొడిచి వెళ్లేది. అన్నీ చిట్టి చిట్టి గుంటలే. చెంగలి ఇన్నాళ్లూ వాటిని పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం అవి బావులంత పెద్దగా కనిపించాయి.

"ఆ గోరింకల్ని తరిమెయ్. ఆ అంచున రాయి కింద ఉన్న గోదురుకప్పని కూడా పంపించెయ్, ఒళ్లంతా బుడిపెలతో ఎంత వికారంగా ఉన్నాడో! గడ్డిని నేలమట్టంగా కొరికి, రోజూ తడుపుతూ ఉండు. పట్టుగుడ్డలా మెరుస్తుంది చూడు!" అంది నిగనిగమ్మ. వెళ్లబోతూ మెల్లగా అడిగింది. "అక్కా, ఒక మూల మట్టిలో నా గుడ్లు పెట్టుకోనా? చిన్న చోటు చాలు."

"ఒక మూలేం ఖర్మ? నీకు ఎక్కడ నచ్చితే అక్కడ పెట్టుకో!" అంది చెంగలి సంబరంగా.

మర్నాడు పొద్దున్న గోరింకలు వాలీ వాలగానే చెంగలి ఎదురెళ్లింది. గుంపుకి పెద్ద పలుకులమ్మ. పసుపు ముక్కు, పెద్ద నోరు.

"పలుకులమ్మత్తా, రేపట్నుంచి మీరు ఇటు రావద్దు. నా పచ్చికంతా గుంటలు చేస్తున్నారు" అంది చెంగలి.

"గుంటలు మాకు సరదానా అమ్మాయ్? ఆ మట్టి లోపల ఏముందంటే..."

"లోపల ఏముంటే నాకెందుకు? పైన అందంగా ఉండాలి!"

పలుకులమ్మ గిరుక్కున తిరిగింది. గుంపంతా బుర్రున ఎగిరిపోయింది.

తర్వాత చెంగలి గోదురుకప్ప ఉబ్బయ్య దగ్గరికి వెళ్లింది. "మామా, పోటీ అయ్యేదాకా ఇంకెక్కడైనా ఉండవా? వచ్చినవాళ్లు నిన్ను చూస్తే..." అని నీళ్లు నమిలింది. ఉబ్బయ్యకి అర్థమైంది. బరువుగా గెంతుకుంటూ వాగువైపు వెళ్లిపోయాడు. చెంగలి ఆ రాయిని కూడా దొర్లించేసింది.

ఆ తర్వాత గడ్డిని నేలకి అంటుకునేలా కొరికేసింది. వాన పడని రోజున కూడా దొన్నెలతో నీళ్లు పోసింది. పచ్చిక పట్టుగుడ్డలాగే మెరిసింది! చెంగలి ఆనందం పట్టలేక దాని చుట్టూ పరుగులు పెట్టింది.

కానీ ఆ మెరుపు ఎన్నాళ్లో నిలవలేదు. ఒకరోజు పచ్చిక నడిమధ్యలో ఒక పసుపు మచ్చ కనిపించింది.

"దాహమేస్తోందేమో" అనుకుని చెంగలి ఇంకా నీళ్లు పోసింది. మచ్చ పెద్దదయింది. "ఎండ తగులుతోందేమో" అనుకుని కొమ్మలు తెచ్చి నీడ పెట్టింది. పక్కనే ఇంకో మచ్చ వచ్చింది. "జింకలు తొక్కాయేమో" అనుకుని దారికి ముళ్లకంప అడ్డం వేసింది. దారిన పోయే జింక పిల్లల్ని ఊరికే కసురుకుంది కూడా. అయినా పసుపు మచ్చలు గోధుమరంగుకి తిరిగాయి.

పోటీ దగ్గరపడింది. చెంగలికి దిగులు పట్టుకుంది. సరే, కాస్త దూకడం సాధన చేస్తే మనసు కుదుట పడుతుందని, దూరం నుంచి పరుగెత్తుకొచ్చి మచ్చ మీద కాలు మోపి ఎగరబోయింది.

జర్రున జారింది! గడ్డి గడ్డంతా చాపలా కాళ్ల కింద నుంచి జరిగిపోయింది. చెంగలి అంతెత్తున లేచి దబ్బున పడింది.

లేచి చూసుకుంటే గడ్డి చాప చుట్టలా పక్కకి చుట్టుకుని ఉంది. దానికి ఒక్క వేరు లేదు. కింద మట్టిలో తెల్లగా, లావుగా, కొడవలిలా వంకర తిరిగిన పురుగులు! ఒకటా, రెండా? ఎక్కడ చూసినా అవే!

"ఎవరది? తలుపు మూయమ్మా, వెలుతురు పడుతోంది. మేం అన్నం తింటున్నాం" అంది ఒక పురుగు.

"ఏం... ఏం తింటున్నారు?"

"వేళ్లు! మేం వేరుపురుగులం కదా. గరిక వేళ్లు ఎంత తియ్యగా ఉన్నాయో! నేలేమో రోజూ తడిగా, మెత్తగా ఉంది. పైన ముక్కులతో పొడిచేవాళ్లు లేరు. మా అమ్మ మంచి చోటే చూసింది."

చెంగలి ఒక్క పరుగున వేపచెట్టు దగ్గరికి వెళ్లింది. నిగనిగమ్మ కొమ్మ మీద కూర్చుని తీరిగ్గా ఆకు నములుతోంది.

"నా పచ్చిక పాడైపోయింది! నన్ను మోసం చేశావు!" అని అరిచింది చెంగలి.

"నేనేం మోసం చేశానక్కా? చోటు అడిగాను, ఇచ్చావు. పిల్లలన్నాక తినరా? నీకు పొగడ్త కావాలి, అదీ ఇచ్చాను" అంది నిగనిగమ్మ. మళ్లీ ఆకు కొరికింది.

చెంగలికి ఏడుపొచ్చింది. వెనక్కి వచ్చి చుట్టుకుపోయిన గడ్డిని చూసింది. చుట్టూ ఎవరూ లేరు. ఒక ఆలోచన వచ్చింది. 'గడ్డిని మళ్లీ పరిచేస్తే? మీద కాసిని పచ్చ ఆకులు చల్లితే? పోటీ ఒక్క పూటే కదా! ఎవరికి తెలుస్తుంది?'

గడ్డి అంచు పట్టుకుని సగం పరిచింది కూడా. అంతలో తన మోకాలు సలిపింది. చూసుకుంటే చర్మం చెక్కుకుపోయి రక్తం కారుతోంది. 'తేలిగ్గా ఉండే నాకే ఇలా అయితే, అంతెత్తు నుంచి దూకే జింకకి ఏమవుతుంది? కాలు విరిగితే?'

చెంగలి ఆ అంచుని వదిలేసింది. కన్నీళ్లు తుడుచుకుని వాగువైపు పరుగు తీసింది.

వాగులో అడవిదున్నలు మునిగి ఉన్నాయి. వాటి వీపుల మీద గోరింకలు. చెంగలి రొప్పుతూ గట్టు మీద నిలబడింది.

"అత్తా! ఆ రోజు నువ్వు ఏదో చెప్పబోతే నేను చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెప్పు, వింటాను."

పలుకులమ్మ ఇటు తిరగలేదు. "ఇప్పుడు చెప్పేదేముంది? నీకే కనిపించి ఉంటుంది."

"కనిపించింది. తప్పు నాదే. మిమ్మల్ని తరిమేశాను. వచ్చి నా పచ్చికని కాపాడండి అత్తా!"

పలుకులమ్మ మెల్లగా దున్న వీపు దిగి వచ్చింది.

"నాకు కోపం పోలేదమ్మాయ్. కానీ మా పిల్లలకి ఆకలిగా ఉంది. పదండర్రా!"

బుర్రున గుంపు లేచింది! రెల్లు పొద వెనక నుంచి "నేనూ రానా?" అని ఒక గొంతు వినిపించింది. ఉబ్బయ్య! చెంగలి వెళ్లి అతని ముందు తల వంచింది. "మామా, నిన్ను చూస్తే నవ్వుతారని అనుకున్నాను. నన్ను చూసి నవ్వాలి."

"సరేలే, నడు. నా గెంతులకి అక్కడికి చేరేసరికి చీకటి పడుతుంది. నన్ను వీపు మీద ఎక్కించుకో" అన్నాడు ఉబ్బయ్య.

ఇక చూడండి పిల్లలూ, ఏం హడావిడి! చెంగలి చచ్చిన గడ్డిని చుట్టలు చుట్టి తీసేస్తుంటే, గోరింకలు వెనకే నడుస్తూ టక్! టక్! టక్! ఒక్కో వేరుపురుగునీ ఏరి మింగేస్తున్నాయి.

"అంచుల్లో మట్టి గుల్లగా ఉంది. అక్కడ కుమ్మరిపురుగులు సొరంగాలు తవ్వి ఉంటాయి. కుంకుడుకాయల రసం పొయ్, తెలుస్తుంది" అన్నాడు ఉబ్బయ్య.

చెంగలి కుంకుడుకాయలు చితక్కొట్టి నీళ్లలో నురగ వచ్చేలా పిసికింది. నేల మీద పోసి ఊపిరి బిగబట్టి చూసింది. బుడగలు... బుడగలు... ఉన్నట్టుండి ఒక కుమ్మరిపురుగు మూతి బయటపెట్టింది! లటక్! ఉబ్బయ్య నాలుక తగిలింది. ఇంకొకటి! లటక్! అటు, అటు, మామా అటు! లటక్! చెంగలి చప్పట్లు కొడుతూ గంతులేసింది.

మిగిలిన గడ్డిలో ఆకుల్ని కొరికే లద్దెపురుగులు దాక్కుని ఉన్నాయి. వాటి కోసం చెంగలి వేపగింజలు దంచి, నానబెట్టి, ఆ చేదు నీళ్లు చల్లింది. ఒక పురుగు ఆకు కొరికి, "థూ! థూ!" అని తిండే మానేసింది.

తర్వాత చెంగలి మళ్లీ వాగు గట్టుకి వెళ్లి గరిక తీగలు తెచ్చి నాటింది. ఈసారి గడ్డిని నేలమట్టంగా కొరకలేదు, కొస మాత్రమే కత్తిరించింది. రోజూ నీళ్లు గుమ్మరించలేదు. మట్టి ఆరాక, వేళ్లకి అందేలా లోతుగా ఒక్కసారి తడిపింది. ఉబ్బయ్య కోసం నీడలో మంచి రాయి ఒకటి తెచ్చి పెట్టింది.

ఇంతలో ధన్! ధన్! ధన్! ఏనుగు అవ్వ, వెనక అడవి అడవంతా!

చెంగలి అందరి ముందుకూ వెళ్లి నిలబడింది. "అవ్వా, నా పచ్చిక ఇంకా సిద్ధం కాలేదు. పొగడ్తకి పడిపోయి పురుగులకి నేనే చోటిచ్చాను. కాపాడేవాళ్లని నేనే తరిమాను. జింక పిల్లల్ని కూడా ఉత్తపుణ్యానికి కసిరాను. ఇవాళ దీని మీద దూకితే ఎవరైనా పడతారు."

కొండ అవతలి కుందేళ్లు గుసగుసలాడాయి. కొందరు కిసుక్కున నవ్వారు. చెంగలి చెవులు వాలిపోయాయి. కానీ అక్కడి నుంచి కదల్లేదు.

ఏనుగు అవ్వ తల ఊపింది. "అయితే చలి మొదలయ్యేదాకా ఆగుదాం. నాకు తొందరేం లేదు. కాళ్లు విరక్కుండా చూసేవాళ్ల ఇంటి ముందే పోటీ పెట్టాలి" అంది.

చలి మొదలైంది. గరిక పాకింది. ఏనుగు అవ్వ వచ్చింది. వస్తూనే పచ్చిక నడుమకి నడిచి, తొండంతో ఒక గడ్డి కుదురు చుట్టి పట్టుకుంది. అందరూ మెడలు చాచి చూశారు. అవ్వ లాగింది. గడ్డి రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. పుటుక్కున ఆకులు తెగాయి గానీ, వేరు మాత్రం నేలని వదల్లేదు!

"కానివ్వండి పోటీ!" అని అవ్వ ఘీంకరించింది.

అడవంతా మారుమోగిపోయింది! జింకలు దూకాయి, కుందేళ్లు దూకాయి, దుప్పులు దూకాయి. ఎవరూ జారలేదు. ఎవరూ పడలేదు. పోటీ మంచి ఊపులో ఉండగా పలుకులమ్మ తన గుంపుతో సహా పచ్చికకి అడ్డంగా తాపీగా నడుస్తూ వచ్చింది, టకటకా పొడుచుకుంటూ. దూకబోతున్న జింక ఆగిపోయింది.

"ఈ గోరింకలేంటి, గుంటలు చేస్తున్నాయి?" అన్నారెవరో.

"ఉష్! వాళ్ల పని అయ్యేదాకా అందరూ ఆగండి" అంది చెంగలి.

అందరూ ఆగారు.

నీతి: మనల్ని పొగిడేవాళ్ల మాట విని మనకు మేలు చేసేవాళ్లని దూరం చేసుకోకూడదు, చేసిన తప్పుని పైన కప్పేయకుండా ఒప్పుకుని, వేరు దాకా వెళ్లి దిద్దుకోవాలి.