గుంపస్వామి పాతిన కేకల కోతి

గుంపస్వామి ఇంట్లో ఉన్నది ముగ్గురే అయినా తెలివి మాత్రం ఊరంతటికీ పంచేంత ఉండేది. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు పాపం, వాళ్ళే అనుకునేవారు.

అరకు కొండమీద కొత్తగా పెట్టిన పార్కులో గుంపస్వామికి కాపలా ఉద్యోగం దొరికింది. ఇదీ ఊడిందంటే పెళ్ళాం నూకాలునీ, తమ్ముడు పైడయ్యనీ వెంటేసుకుని మళ్ళీ అత్తగారింటికి పోయి, ఆవిడ దెప్పుతూ వడ్డించే అన్నం తినాలి. అందుకని వాళ్ళిద్దరినీ సాయానికి తెచ్చుకుని, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నాడు.

ఒకరోజు ఆఫీసరుగారు జీపులోంచి రెండు కొత్త సరుకులు దింపించారు. కుండీలో సూదుల్లాంటి ఆకుల కాసియా పైన్ మొక్క, మూతబుట్టలో దేశంకాని దేశపు ఎర్ర కేకల కోతి.

"చెట్టుని పాతి నీళ్ళు పొయ్యండి. కోతిని బోనులో పెట్టి అరటిపళ్ళు వెయ్యండి. సాయంత్రం వచ్చి చూస్తా. ఏది ఏదో తెలుసుగా?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఖర్మ! కేకల కోతంటే గోల చేస్తుంది, చెట్టంటే గమ్మునుంటుంది. అంతే!" అని విసుక్కుని వెళ్ళిపోయారాయన.

బుట్ట మూత తీశారు. ప్రయాణం బడలికకి కోతి ముడుచుకుని పడుకుంది, కిక్కురుమనలేదు. సరిగ్గా అప్పుడే గాలి విసిరింది. పైన్ మొక్క హోరుమంది. ఇంకేముంది!

"అన్నయ్యా, ఇదే కేకల కోతి!" అన్నాడు పైడయ్య.

"మరి బొచ్చేదిరా?"

"ఆ సన్నటివన్నీ ఏటనుకున్నావ్? ఆకుపచ్చ బొచ్చు!"

"మరి తోకో?" అంది నూకాలు.

గుంపస్వామి మొక్కని కుండీలోంచి పెరికాడు. పొడుగాటి వేరు వేలాడింది. "తోక మట్టిలో దాచుకుందే, దొంగది!"

అంతే. మొక్కని బోనులోకి తోసి, ముందర అరటిపళ్ళు పెట్టారు. ఎంతకీ తినదే! "మనం చూస్తుంటే సిగ్గుపడతందేమో," అని నూకాలు అటు తిరిగి నిలబడింది.

ఇక చెట్టు పని. పడుకున్న కోతిని ఎత్తుకొచ్చి గొయ్యిలో నడుందాకా దింపి, మట్టి కప్పి, బిందెడు చన్నీళ్ళు దిమ్మరించారు. కోతి కళ్ళు తెరిచి వేసిన కేక లోయ అవతలిదాకా వినిపించింది.

"వేరు పట్టింది!" అన్నాడు పైడయ్య సంబరంగా.

వేరు పట్టిన చెట్టు ఒక్క గెంతులో గుంపస్వామి భుజమెక్కి, తోక మెడకి చుట్టేసింది.

"ఓలమ్మో, చెట్టు నన్నెక్కిందిరోయ్!"

పైడయ్య బుర్ర గోక్కున్నాడు. "చెట్టు ఎక్కడమేటి? ఎక్కితే అది కోతే. మరి కోతి దేన్నెక్కుతాది? చెట్టుని. అంటే అన్నయ్యా, నువ్వే..."

గుంపస్వామి ఒళ్ళంతా తడిమి చూసుకున్నాడు. ఇన్నేళ్ళొచ్చినా తను చెట్టన్న సంగతి తనకే తెలీదు! "ఛీ, ఏం బుర్రరా నాది," అని తనని తానే తిట్టుకున్నాడు. అయినా ఉద్యోగం ముఖ్యం కదా. చెట్టుని పాతమన్నారు ఆఫీసరుగారు. గొయ్యిలోకి దిగి, "కప్పండి," అన్నాడు. మోకాళ్ళదాకా మట్టి కప్పి, ఆప్యాయంగా ఇంకో బిందె పోశారు.

సాయంత్రం జీపు రానే వచ్చింది. బోనులో మొక్కనీ, గొయ్యిలో మనిషినీ, మనిషి నెత్తిన కోతినీ చూసి ఆఫీసరుగారు నోరెళ్ళబెట్టారు.

"ఏంటయ్యా ఇది?"

గుంపస్వామి గమ్మునున్నాడు.

"నిన్నే! నీకు ఉద్యోగం కావాలా, వద్దా?"

కావాలి బాబోయ్, అని లోపల గుండె కొట్టుకుపోతోంది. కానీ చెట్టు నోరు విప్పితే ఇంకేమైనా ఉందా, ఉన్న ఉద్యోగం కాస్తా ఊడదూ! పోనీ తలైనా ఊపుదామంటే ఆకు కదిలే గాలి లేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా బిగుసుకుని నిలబడ్డాడు.

"సరే, నీ ఇష్టం. రేపట్నించి రానక్కర్లేదు," అని ఆఫీసరుగారు కోతిని ఊడదీసుకుని జీపెక్కి పోయారు.

జీపు మలుపు తిరిగిపోయాక చల్లగా కొండగాలి వీచింది. అమ్మయ్య అనుకుని గుంపస్వామి ఆ ఖాళీ రోడ్డుకేసి, కావాలి, కావాలి అన్నట్టు తనివితీరా తల ఊపాడు.