ఉప్పు చూడడానికి వచ్చినవాళ్లు

ఏనుగుకొండ అడవిలో జంతువులకి ఓ విశ్వవిద్యాలయం ఉండేది. నవ్వకండి, పాఠాలు బాగానే చెప్పేవారు. చిక్కల్లా తిండి దగ్గరే. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు, పొద్దస్తమానం పుస్తకాలు పట్టుకుంటే మేత వెతుక్కునే తీరిక ఎక్కడిది? అందుకని సింహం దొరగారు రోజూ ఓ గుండిగెడు సంకటి, పప్పు వండించి ఉచితంగా పెట్టమన్నారు. వంటకి సూరప్ప అనే ముసలి ఎద్దుని, పెత్తనానికి జంబులింగం అనే నక్కని నియమించారు. నక్క చేతికి పెత్తనమిస్తే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు.

మొదటి రోజే జంబులింగం ఓ షరతు పెట్టాడు. "ఆకలైనవాళ్లు ఆ అరుగెక్కి, 'నాకు తిండికి గతిలేదు' అని అందరికీ వినిపించేలా చెప్పాకే తినాలి. లేకపోతే కడుపు నిండినవాళ్లు కూడా ఎగబడతారు!"

ఒక్కరూ అరుగెక్కలేదు. రోజూ మధ్యాహ్నానికి నక్క గుండిగ ముందు చతికిలబడి, "అయ్యో, పారేస్తే పాపం కదయ్యా సూరప్పా" అంటూ మొత్తం లాగించేవాడు. నెల తిరిగేసరికి పొట్ట ముందు, తను వెనక నడుస్తున్నట్టుండేది.

ఓ రోజు సూరప్ప పప్పు దించి చెమట తుడుచుకుంటుంటే, చెంగల్వ అనే కుందేలు పిల్ల మూట సర్దుకుని గేటు వైపు పోతూ కనిపించింది. మూలికల వైద్యం చదువుతోంది. తరగతిలో మొదటి స్థానం తనదే.

"ఏమ్మా, వారంలో పరీక్షలు పెట్టుకుని ఎక్కడికి?"

"ఇంటికి తాతా. ఇక చదవను. రెండు రోజులుగా మంచినీళ్లే. పుస్తకం తెరిస్తే కళ్లు తిరుగుతున్నాయి."

"నా వంట ఉందిగా తల్లీ!"

"అరుగెక్కాలిగా! రేపు వైద్యురాలినైనా 'ఆ తిండికి గతిలేని పిల్లేగా' అంటారు. నావల్ల కాదు." కళ్లు తుడుచుకుంది.

సూరప్ప కాసేపు నెమరేస్తూ ఆలోచించాడు. "సరే, వెళ్దువుగాని. పోతూ పోతూ ఒక్క సాయం చెయ్యి. ముసలాణ్ణి, నాలుక చచ్చిపోయింది. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పు."

ఉప్పు చూడమంటే ఎవరు కాదంటారు? చెంగల్వ ఓ ఆకు నిండా తిని, "సరిగ్గా తెలియట్లేదు తాతా" అంది.

"అయితే ఇంకోసారి చూడు!"

మూడో ఆకుకి గానీ ఉప్పు సంగతి తేలలేదు.

వెంటనే సూరప్ప తరగతులన్నిటికీ కబురంపాడు. వంటవాడికి రుచి తెలియట్లేదు, అందరూ వచ్చి ఉప్పు చూసిపెట్టండి బాబూ అని. పిల్లలు బిలబిలమంటూ దిగారు. కలిగినింటి నెమలి రాజారావూ వచ్చాడు, పస్తులున్న ముంగిసా వచ్చింది. ఎవరొచ్చింది ఉప్పు కోసమో, ఎవరొచ్చింది ఆకలి కోసమో ఎవరికి తెలుసు?

"కొంచెం తగ్గింది తాతా, మళ్లీ వడ్డించు!"

"నాకు ఎక్కువైంది, ఇంకాస్త సంకటి పడితే సరిపోతుంది!"

ఒకటే గోల, ఒకటే నవ్వులు. మధ్యాహ్నం జంబులింగం వచ్చి తొంగి చూస్తే గుండిగ అడుగు కనిపించింది.

"ఇదేం అన్యాయం! అరుగెక్కకుండా ఎలా తిన్నారు?"

"తినడమెక్కడ బాబూ, ఉప్పు చూశారంతే. తమరి షరతు ఆకలైనవాళ్లకే కదా!"

"మరి నా సంగతో?"

"తమరికి ఆకలా? ఓ గిన్నెలో కాస్త తీసిపెట్టాను. అరుగు అదిగో."

నక్క అటు చూశాడు, ఇటు చూశాడు. నెల రోజులు అలవాటు పడ్డ పొట్ట ఊరుకుంటుందా? ఈసురోమంటూ అరుగెక్కి, "నాకు... తిండికి..." అని గొణిగాడు.

"వినపడట్లేదండీ!" అని నెమలి అరిచాడు. అందరూ పగలబడి నవ్వారు.

చెంగల్వ మాత్రం నవ్వలేదు. గిన్నె తీసుకుని అరుగు దగ్గరికి వెళ్లింది.

"దిగండి సార్. మీరూ ఉప్పు చూద్దురుగాని."

జంబులింగం దిగాడు. తలెత్తకుండా తిన్నాడు. షరతు ఆ పూటే ఎత్తేశాడు. చెంగల్వ మూట విప్పి పుస్తకం తీసింది.

ఎదుటివాడి తల దించకుండా పెట్టిందే అన్నం.