ఉడుత లెక్క, చిలక చాటింపు

ఆ ఎండాకాలం కోన అడవిలో నీళ్లు మిగిలింది ఒక్క మడుగులోనే. దానికి పెద్ద ఎవరో తేల్చాలని ఎన్నిక పెట్టారు. ఎద్దు గెలిస్తే అందరికీ నీళ్లు. నక్క గెలిస్తే ముందు దాని బంధుబలగానికి, మిగిలితేనే తక్కినవాళ్లకు. ఎద్దుకు ఓటేసేవాళ్లు బుట్టలో వేరుశెనగ కాయ వేయాలి, నక్కకు వేసేవాళ్లు గులకరాయి. ఈ ఏర్పాటు నక్కదే. లెక్కకు ఉడుతను కూర్చోబెట్టిందీ అదే. ఎద్దు, పిచ్చి మారాజు, అన్నిటికీ తలూపింది.

సాయంత్రానికి చిలక కొమ్మెక్కింది.

"నక్క మామకు నలభై ఒకటి! ఎద్దుకు ముప్ఫై తొమ్మిది! ఇసుమంత తేడా లేని లెక్క! అనుమానించేవాళ్లు అడవికి ద్రోహులు!"

ముళ్లపంది సూరమ్మకు ఒళ్లు మండిపోయింది. మడుగు ఎవరిదో తేలేదాకా నీళ్లు ముట్టకూడదని, దాని పిల్లలు రెండు రోజులుగా బురద నాకుతున్నాయి. ముళ్లన్నీ నిక్కబొడుచుకుని చెట్టు కిందికి వచ్చింది.

"ఏమే చిలకా, లెక్కపెడుతుంటే చూశావా?"

"చూడ్డమెందుకు పిన్నీ? మామ చెప్పాడు, నేను చాటాను."

"అలాగా! అయితే ఇంకోటి చాటు. నీ తొర్రలోకి పాము దూరలేదట. అదీ మీ మామ మాటే అనుకో. పోయి పిల్లల పక్కన హాయిగా పడుకో."

చిలక గతుక్కుమంది. "ఉండు పిన్నీ, ముందు నా కళ్లతో చూసుకోనీ!" అని తొర్రకేసి ఎగిరింది.

"చూశారా!" సూరమ్మ అరిచింది. "తన తొర్రకైతే తన కళ్లు కావాలి. మన నీళ్లకు నక్క నోరు చాలు! సిగ్గుండాలి!"

"ఓడినవాళ్ల ఏడుపు ఇలాగే ఉంటుందిలే," అంది నక్క.

"నిజంగా ఓడితే నోరు మూసుకుని పోతాను. ముందు లెక్క చూపించు."

ఎవరూ తన పేరెత్తకముందే ఉడుత మూతి తుడుచుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు! ఎద్దు కొమ్ముతో బుట్ట పక్కకు నెట్టింది. కింద వేరుశెనగ తొక్కలు, సరిగ్గా అయిదు కాయలవి.

"అలవాటులో నోట్లోకి పోయాయి," అని ఉడుత ఏడ్చింది. "నాకా పని ఎందుకిచ్చావు మామా?"

అందుకే ఇచ్చిందని అందరికీ అప్పుడు తెలిసింది. అందరి కళ్ల ముందూ మళ్లీ లెక్కపెట్టారు. తిన్న అయిదూ కలిపితే ఎద్దుకు నలభై నాలుగు. నక్క తోక ముడిచింది. సూరమ్మ పిల్లలు మడుగులో మూతులు ముంచాయి.

"మరి ఇది చాటనా?" అంది చిలక, తొర్రలోంచి తొంగిచూస్తూ.

"దిగొచ్చి నువ్వే లెక్కపెట్టి చాటు!" అని సూరమ్మ కసిరింది.

కళ్లారా చూడని లెక్కను నిజమని చాటేవాడు దొంగకు తోడుదొంగే.