ఎలపట ఖాళీ

పశువుల ఆసుపత్రి వెనుక, ముళ్లకంచె లోపల, ఒక రేకుల పాక ఉండేది. కత్తిగాటు పడ్డ పశువులను కుట్లు మానేదాకా అందులో ఉంచేవారు. అక్కడ గడ్డికి కొదువ లేదు, నీటికి కొదువ లేదు, మాటకే కరువు. నొప్పి ఒక్కొక్క నోటికి ఒక్కొక్క చిక్కం కట్టి ఉంచింది.

ఆ పాకకు మైలడనే ఎద్దు వచ్చాడు. కుడికొమ్ములో రాచపుండు పుట్టగా, వైద్యుడు ఆ కొమ్మును మొదలంటా కోసి కట్టు కట్టాడు. గాయం మానుతోంది గాని మైలడు మేత ముట్టడం లేదు. "పుండు చంపకపోయినా పస్తు చంపేటట్టుంది" అని వైద్యుడు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

పాకలో అందరికీ పెద్ద, ముసలి గేదె కోనమ్మ. చెత్తకుప్పల్లో మేసి మింగిన ప్లాస్టిక్ సంచులను ఆమె కడుపు కోసి తీశారు. పొద్దు వాలగానే ఆమె అందరినీ వెనుకగోడ దగ్గరకు పిలిచేది. అక్కడ ఎర్రమన్ను, సున్నం, బొగ్గు ఉండేవి. తోకకుచ్చుతోనో గిట్టతోనో ఎవరికి తోచింది వారు గోడమీద వేయాలి. ఒకరి బొమ్మను మరొకరు దిద్దరాదు, చూసి నవ్వరాదు. పొదుగు పోయిన మేక చుక్కి సున్నపు చుక్కలు పెట్టేది. కాలు పోయిన కుక్క వీరడు రోజూ తన నాలుగో కాలే గీసేవాడు.

"నువ్వూ రా నాయనా" అంది కోనమ్మ.

"రంగులు కొమ్ములకు పూసేవి అత్తా. ఏరువాక పున్నమికి నాకూ పూసేవారు. గోడకు కొమ్ములెక్కడివి?"

"కడుపు మింగినదాన్ని కత్తితో తీశారు. మనసు మింగినదానికి కత్తి లేదు. నాకు తెలిసినంతలో ఈ గోడ ఒక్కటే ఉంది."

"నా మనసులో ఏమీ లేదు."

"అయితే మేత ఎందుకు దిగదు?"

మైలడు ముఖం తిప్పుకున్నాడు.

"వదిలెయ్యి అత్తా! ఎద్దులకు బరువు లాగడమే తెలుసు, దించడం తెలియదు" అంది చుక్కి.

మైలడి మనసులో ఉన్నది కాటుకడు, కాడికి అతని జోడు. కాడికి ఎడమవైపు కట్టే ఎద్దు దాపట. కుడివైపు కట్టేది ఎలపట. మైలడు దాపట, కాటుకడు ఎలపట. దుక్కిలో కాటుకడి భుజం తగిలితేనే మైలడికి అడుగు సాగేది. ఇప్పుడు కుడివైపున కొమ్మూ లేదు, జోడూ లేదు. ఒంటికొమ్ముతో తిరిగి వెళితే కాటుకడు తనను గుర్తుపడతాడో లేదో! ఈ దిగులును అతడు ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నపు కునుకులో మాత్రం "కాటుకా, నా జోడా" అని కలవరించేవాడు.

ఎద్దు పుండు కాకికి ముద్దంటారు. ఇక్కడ కాకి వంతును నక్క పుచ్చుకుంది. కంచె అవతల నక్కి, ఆ కలవరింతను విన్నది.

"మైలన్నమామా! కాటుకడు కాడి తెంచుకొని నీకోసం వచ్చాడు. వాగులో ఉన్నాడు" అంది.

మైలడి చెవులు నిక్కాయి. "నిజమా? ఎలా ఉన్నాడు?"

"చిక్కిపోయాడు పాపం. దాపట తన చోటులో తాను నిలబడి, పక్కన నీ చోటు ఖాళీగా ఉంచాడు. రేపు పొద్దు వాలగానే నేను వస్తాను, ఒక్కడివే బయలుదేరు. గేదెకు చెప్పావో, ఊరంతా తెలిసి నిన్ను పలుపుతాళ్లతో బిగిస్తారు."

"చెప్పను."

ఆశ మాటను తూచదు. మైలడూ తూచలేదు.

ఆ సాయంత్రం తనంతట తానే గోడ దగ్గరకు నడిచాడు. మిగిలిన కొమ్మును ఎర్రమన్నులో ముంచాడు. ఏటేటా రంగు కొమ్ముకెక్కేది. ఆనాడు కొమ్మే రంగును గోడకెక్కించింది. ముందు కాడి గీశాడు. నక్క చెప్పినట్టే ఎడమవైపు కాటుకణ్ణి నిలిపాడు. కుడివైపు తనను గీయబోయాడు, కొమ్ము కదలలేదు. ఏళ్ల తరబడి ఎడమన నడిచిన ఒళ్లు కుడికి రానన్నది.

"ఏం నాయనా, ఆగావు?"

"ఇది తప్పు అత్తా. కాటుకడు దాపట నిలవడు. కాడి లేకపోయినా నిలవడు."

ఆ మాట వెంట తక్కినవన్నీ వచ్చాయి: కొమ్ము, జోడు, దిగులు, నక్క. ఎవరూ నవ్వలేదు.

"వాగు గాలి వీచినప్పుడల్లా దుమ్ములగొండి కంపు కొడుతోంది. అక్కడ ఎద్దు వాసన లేదు" అన్నాడు వీరడు నెమ్మదిగా.

మరునాడు పొద్దు వాలగానే నక్క వచ్చింది. "పద మామా, జోడు నీకోసం ఎదురుచూస్తోంది."

"కాటుకడు ఇంకా దాపటే ఉన్నాడా?"

"దాపటే మామా! నా తల్లి మీద ఒట్టు."

"దాపటెద్దును నేను."

నక్క పళ్లు బయటపెట్టింది. "ఎడమైతే ఏమి, కుడైతే ఏమి! నీ కాటుకణ్ణి పోయిన సంతలో కోతకు అమ్మేశారు. ఒంటెద్దును ఎవడు మేపుతాడు?"

ఆ ఒక్క మాటలో నక్క అబద్ధమాడలేదు. మైలడు కిందికి చూస్తూ నిలబడ్డాడు. కోనమ్మ అతని కుడిపక్కకు వచ్చి నిలిచింది.

మైలడు కదలకపోయేసరికి నక్క బెదిరింది. "దుమ్ములగొండికి ఎద్దుమాంసం ఇస్తానని మాటిచ్చానే! ఇప్పుడు ఏమని చెప్పను?"

"నక్కమాంసం ఉందని చెప్పు బావా" అంది చుక్కి.

వెనుక పొదలు కదిలాయి. ఎదురుచూసి విసిగిన దుమ్ములగొండి తానే వచ్చింది. నక్క వాగు వైపు పరుగెత్తింది, దుమ్ములగొండి వెంటబడింది. అటునుండి ఒక కూత వినిపించింది, రెండవది వినిపించలేదు.

మైలడు గోడ దగ్గరకు వెళ్లాడు. ఎడమనున్న బొమ్మను సున్నంతో చెరిపి, ఆ చోట తనను గీసుకున్నాడు, ఒంటికొమ్ముతోనే. కుడివైపున, ఎలపట, కాటుకణ్ణి నిలిపి, రెండు కొమ్ములకూ ఏరువాకనాటిలా నిండుగా ఎర్రరంగు వేశాడు. ఎవరూ దిద్దలేదు.

ఆపైన గాటి దగ్గరకు వచ్చి ఒక గడ్డిపరక అందుకున్నాడు. రుచించలేదు. అయినా నమిలాడు.

దాచిన పుండును నక్క పసిగడుతుంది. నలుగురిలో విప్పిన పుండే మానుతుంది.