రెక్కకు వేసిన బోల్టులు

ఆశీర్వాదం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి మరొక మనిషి ఎలాంటివాడని అడిగితే, ఆ మనిషి ఊసెత్తకుండా ఏదో ఒక బండి సంగతి చెప్పేవారు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లుగా కార్లు బాగుచేస్తున్న మనిషికి చెప్పడానికి బండ్లు కరువా? ఆయన దగ్గర పని నేర్చుకుని, వేరే షెడ్డు పెట్టుకోకుండా ఆయన దగ్గరే ఉండిపోయిన మెకానిక్కులు ఐదుగురు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ రేకుల షెడ్డు వెనక నీడలో పావుగంట కూర్చునేవాళ్లు. ఎదురుగా ఉన్న స్పేర్ పార్టుల కొట్టు నాది. ఆ పావుగంటా నేనూ అక్కడే ఉండేవాణ్ని.

ఒకరోజు పూర్ణచంద్రరావు ఒక ప్రశ్న అడిగాడు. పూర్ణ ఆ ఐదుగురిలో పెద్దవాడు. ఎవరు ఏ పని చేయాలో, ఎవరికి ఏ రోజు సెలవో చూసేది అతనే. అతనికి తోటి మెకానిక్కు సీమోను మీద అనుమానం పట్టుకుంది. సీమోను మూడు నెలలకోసారి ఆసుపత్రికి వెళ్లి రక్తం ఇచ్చి వస్తాడు. వెళ్లిన ప్రతిసారీ చేతికి సూది ఉండగా నవ్వుతూ ఫొటో తీయించుకుంటాడు. సాయంత్రానికల్లా ఆ ఫొటో ఆటోనగర్‌లో సగంమంది ఫోన్లలో ఉంటుంది. ఆ రోజు సీమోను ఒక కారును రోడ్డు మీద నడిపి చూడటానికి వెళ్లాడు. అతను లేని సమయం చూసే పూర్ణ అడిగాడు.

"మాస్టారూ, వీడు ఇచ్చేది రక్తమా, ఫొటోనా?"

ఆ పొద్దున్నే సీమోను రక్తం ఇవ్వడానికి సెలవు అడిగాడనీ, తాను కుదరదన్నాననీ మాత్రం పూర్ణ చెప్పలేదు. నాకు ఆ సంగతి సీమోను ద్వారా తెలుసు. మాస్టారికి తెలుసో లేదో నాకు తెలియదు. ఆయన టిఫిన్ డబ్బా కడిగి, మూత పెట్టి, పక్కన ఉంచి, పన్నెండేళ్ల కిందటి ఒక కారు గురించి చెప్పడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో విజయసారథి గారని ఒక రొయ్యల ఎగుమతి వ్యాపారి ఉండేవారు. భీమవరం మనిషి, బెజవాడలో స్థిరపడ్డారు. పసుపురంగు స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నారు. రెండే సీట్లు, ఇంజను వెనకవైపు. ఆ వెనక మూత మీద మూరెడు వెడల్పున ఒక పలక అతుకు కూడా కనపడనంత నున్నగా ఇమిడి ఉండేది. దాన్ని స్పాయిలర్ అంటారు గానీ, మన షెడ్డుల్లో రెక్క అనేవాళ్లు. బండి వేగం నూటఇరవై దాటితే ఆ రెక్క తనంతట తానే పైకి లేస్తుంది, వేగం బాగా తగ్గాక మళ్లీ దిగి మూతలో కలిసిపోతుంది. అలా కాకుండా, బండి ఆగి ఉన్నప్పుడు లేపుకోవడానికి లోపల ఒక బటన్ కూడా ఉంటుంది.

ఊళ్లో అందరికీ తెలిసింది ఆ బటనే. సారథి గారు బందరు రోడ్డులో హోటల్ ముందు బండి ఆపి, దిగే ముందు బటన్ నొక్కేవారు. రెక్క మెల్లగా లేచేది. దారినపోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఆయన చూడనట్టు తాళాలు జేబులో వేసుకుని లోపలికి వెళ్లేవారు. ఈ సంగతి మాస్టారి చెవిన ఎంతమంది వేశారో లెక్కలేదు.

మాస్టారికి అప్పట్లో మెరిసే ప్రతి వస్తువు మీదా అనుమానమే. దానికి కారణం లేకపోలేదు. మామూలు ఇంటి కార్లకు ప్లాస్టిక్ రెక్కలు బిగించమని కుర్రకారు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. డిక్కీకి నాలుగు చిల్లులు పొడిచి వాటిని బిగించిన చేతులు ఆయనవే. వాటివల్ల బండికి బరువు తప్ప ఒరిగేదేమీ లేదని ఆయనకు తెలుసు. కాబట్టి ఈ లేచే రెక్క కూడా ఆ జాతిదేననీ, కాకపోతే లోపల ఒక మోటారు పెట్టి గొప్పగా అమ్ముతున్నారనీ తీర్మానించుకున్నారు.

ఒకరోజు ఆ పసుపు కారు ఆయన షెడ్డుకే వచ్చింది. రెక్క లేవడం లేదు. మూత తెరిచి చూస్తే మోటారు కాలిపోయి ఉంది. పదే పదే బటన్ నొక్కడం వల్లే కాలిందని మాస్టారికి చూడగానే అర్థమైంది. కొత్త మోటారు విదేశం నుంచి రావాలి, ఆరు వారాలు పడుతుంది. ఆ మాట చెబితే సారథి గారు ఆగేవారు. కానీ మాస్టారు ఆ మాట చెప్పలేదు. ఈ మనిషికి ఈ షోకు మాన్పించడం మంచిపనే కదా అనుకున్నారు. దీనికి పార్టు ఇక దొరకదని చెప్పి, రెక్కను కిందే ఉంచి లోపలినుంచి రెండు ఇనుప పట్టీలు పెట్టి బోల్టులు బిగించేశారు. రెక్క పనిచేయడం లేదని స్పీడోమీటరు పక్కన ఒక చిన్న దీపం వెలుగుతుంటే, దాని వైరు కూడా తీసేశారు. పైనుంచి చూస్తే ఏమీ తెలియకుండా చాలా శుభ్రంగా చేశానని చెప్పేటప్పుడు మాస్టారు నేల వైపు చూశారు.

బండి తీసుకోవడానికి వచ్చినప్పుడు సారథి గారు కాస్త దిగులుపడ్డారు గానీ తగువు పెట్టుకోలేదు. స్పీడులో వెళ్లినా ఫరవాలేదా అని మాత్రం అడిగారు. హోటల్‌కీ ఇంటికీ మధ్య ఎంత స్పీడు వస్తుందిలే అని మాస్టారు మనసులో నవ్వుకుని, మన రోడ్ల మీద స్పీడెక్కడిది సార్, నిశ్చింతగా వెళ్లండి అన్నారు.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం తెల్లవారుతుండగా సారథి గారు మాస్టారి ఇంటి ముందు బండి ఆపారు. ఒక్క గంట తనతో రావాలి, ఒకటి చూపిస్తాను అన్నారు. మాస్టారు బండి ఎక్కారు. ఎక్కడైనా మూత విప్పించి చూశాడా, బోల్టులు బయటపడ్డాయా, నలుగురిలో నిలబెట్టి అడగడానికి తీసుకుపోతున్నాడా అని దారిపొడుగునా ఆయన మొహం వంకే చూస్తూ కూర్చున్నారు. సారథి గారి మొహంలో ఏమీ కనపడలేదు. అలా ఏమీ కనపడకపోవడం మీద కూడా మాస్టారికి అనుమానమే కలిగింది.

బండి ఊరు దాటి, ఇంకా ప్రారంభం కాని కొత్త బైపాస్ మీదికి ఎక్కింది. మనిషన్నవాడు లేడు. రెండువైపులా చెరుకు తోటలు, మధ్యలో డివైడరు మీద కొత్తగా నాటిన గన్నేరు మొక్కలు. సారథి గారు ఫోన్ ఆపి డాష్‌బోర్డు పెట్టెలో పడేశారు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఇక్కడికి వస్తున్నాననీ, ఇంట్లో వాళ్లకు కూడా తెలియదనీ చెప్పారు. రోజంతా ఫోన్లూ, పడవలూ, ఐసూ, మనుషులూ. ఈ పది కిలోమీటర్లలో మాత్రం తానొక్కడినే ఉంటాననీ, ఎవరికైనా చెబితే నవ్వుతారేమోనని చెప్పలేదనీ, బండి తెలిసిన మనిషి కాబట్టి మీకు అర్థమవుతుందని తీసుకొచ్చాననీ అన్నారు. తర్వాత యాక్సిలరేటర్ తొక్కారు.

స్పీడోమీటరు ముల్లు నూరు దాటింది, నూటఇరవై దాటింది. సారథి గారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, ఇక్కడే రెక్క లేచేదండీ అన్నారు. అది తనకు కనపడేది కాదట. లేవగానే వెనకనుంచి ఎవరో అరచేత్తో బండిని రోడ్డుకు అదిమిపట్టినట్టు సీటు కింద తెలిసేదట. ఈ మూడు వారాలుగా వెనకభాగం తేలికగా అనిపిస్తోందనీ, అది నిజమో తన భ్రమో తెలియక, మీరు కూర్చుని చూస్తే చెబుతారని తీసుకొచ్చాననీ అన్నారు.

ముల్లు నూటయాభై చూపిస్తోంది. చెప్పడానికి మాస్టారికి అప్పుడు సమయం ఉంది. బిగించింది నేనే అన్న రెండు మాటలు చాలు. కానీ ఆ రెండు మాటలు నోట్లోంచి రాలేదు. ఇంత మర్యాదగా తీసుకొచ్చిన మనిషికి ఎలా చెప్పాలని సిగ్గు ఒకటి. నన్ను పరీక్షించడానికే ఈ కథంతా అల్లుతున్నాడేమోనన్న అనుమానం ఇంకొకటి. అంతలో ముల్లు నూటఎనభైకి చేరింది, ఎదురుగా రోడ్డు ఎడమవైపు ఒంపు తిరిగింది. మాస్టారికి సీటు కింద బండి వెనకభాగం నేలను వదులుతున్నట్టు తెలిసింది. అది భ్రమ కాదు. సారథి గారూ, తగ్గించండి అని అరిచారు. ఆయన ఉలిక్కిపడి ఒక్కసారిగా కాలు తీసేశారు. ఒంపులో అలా తీయకూడదు, వెనక చక్రాలకు పట్టు పోతుంది. వెనకభాగం పూర్తిగా జారిపోయి బండి మూడుసార్లు తిరిగి, గన్నేరు మొక్కల్ని దున్నుకుంటూ డివైడరు మీదికెక్కి ఆగింది.

మాస్టారికి మోచేయి చీరుకుపోయింది. సారథి గారికి భుజం ఎముక విరిగింది. ఇద్దరూ ఎలాగో బయటపడి రోడ్డు అంచున కూర్చున్నారు. నా డ్రైవింగే తప్పు, మిమ్మల్ని కూడా ప్రమాదంలో పెట్టాను, క్షమించండి అని సారథి గారు నొప్పితో పళ్లు బిగించి అంటూ ఉంటే మాస్టారు ఇక ఉండలేకపోయారు. అంతా చెప్పేశారు. బోల్టులు, దీపం వైరు, దొరకదన్న పార్టు, ఎందుకు చేశారో కూడా.

 సారథి గారు తిడతారనీ, కేసు పెడతారనీ మాస్టారు ఎదురుచూశారు. ఆయన గొంతు పెంచకుండా ఒక్కటే అన్నారు.

"హోటల్ ముందు లేపానని మీకు వందమంది చెప్పి ఉంటారు మాస్టారూ. ఇక్కడ లేచేదని ఎవరు చెబుతారు?"

బండి మళ్లీ మాస్టారి షెడ్డుకే వచ్చింది. అదే ఆయనకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది. వేరే చోటికి తీసుకెళ్లండి, నా చేతి మీద మీకు నమ్మకం ఎలా ఉంటుంది అని అడిగితే, ఇంకొకడు ఏం చేస్తాడో నాకు తెలియదు, మీరేం చేశారో తెలుసు కదా అన్నారట సారథి గారు. అది క్షమించడమో, కాపలా కాయడమో మాస్టారికి ఈనాటికీ తేలలేదు. ఆరు వారాలకు మోటారు వచ్చింది. పట్టీలు విప్పి, కొత్త మోటారు వేసి, దీపం వైరు కలిపి, తానే ఆ బైపాస్ మీదికి ఒంటరిగా తీసుకెళ్లి నూటఇరవై దాటించి చూశారు. రెక్క ఆయనకు కనపడలేదు. సీటు కింద తెలిసింది.

భుజం కట్టు విప్పాక సారథి గారు బండి కోసం వచ్చారు. వచ్చి కూర్చుని మొదట చేసిన పని బటన్ నొక్కడం. మా వీధిలో జనం పోగయ్యారు. ఎవరెవరు చూస్తున్నారో ఆయన ఓరకంట చూసుకోవడం మాస్టారు స్పష్టంగా చూశారు. అది చూడగానే తనలో పాత అనుమానం మళ్లీ తల ఎత్తిందని కూడా ఆయన దాచకుండా చెప్పారు.

అంతటితో ఆగి, మాస్టారు లేచి చొక్కా దులుపుకున్నారు.  పూర్ణ మొహం వాడిపోయి ఉంది గానీ, అనుమానం మాత్రం పోలేదు. ఏదో ఒకటి తేల్చుకోకుండా లేవలేనివాడిలా అడిగాడు.

"ఇంతకీ ఆ రెక్క షోకు కోసమా, పని కోసమా మాస్టారూ?"

"ఆ తేడా రెక్కకి తెలియదు పూర్ణా. నాకు తెలుసనుకున్నాను."