గుప్పెడు బొగ్గుల తిత్తి

కొండకోటలో బాణాలకు ములుకులు అతికించే లక్క కరిగించడానికి చేత పట్టుకునే వేడిగాలి తిత్తి కావాలన్నాడు రాజు. కొలిమి ఉండదు, గుప్పెడు బొగ్గులతోనే పని జరగాలి. చల్లగాలి వస్తే కారకుడి కుడిచెయ్యి నరికిస్తానన్నాడు.

తిత్తిలో బొగ్గులకు కాగి గాలిని వేడెక్కించే ఇనుము రోకలంత లావుండాలని, సేనను నడిపే దళవాయి చెన్నరాయడు హుకుం వేశాడు. బొగ్గు వేడంతా ఆ లావు ఇనుమే మింగేసింది, గాలి చల్లగానే వచ్చింది. తప్పు మాత్రం కమ్మర్ల మీద పడింది; వద్దని చెప్పబోయిన ఇద్దరి చేతులే తెగాయి.

మూడోసారి వంతు కమ్మరి సంకమ్మకొచ్చింది. ఆమె రెండు తిత్తులు తెచ్చింది. ఒకదాంట్లో దళవాయి చెప్పిన రోకలంత ఇనుము, ఇంకోదాంట్లో సన్నటి తీగల చుట్ట.

"ఈ లావు ఇనుము ఊహ మా కమ్మర్లదేనా దొరా?" అంది అమాయకంగా.

"మీ మొహాలకు అంత బుర్రా? నాదే!" అంటూ దళవాయి రాజు ఎదుటే మీసం దువ్వాడు.

రెండూ వెలిగించారు. తీగల తిత్తి ముందు లక్క బొట్లుబొట్లుగా కారింది. రోకలి తిత్తి ముందు రాయిలాగే ఉండిపోయింది.

రాజు తలారి వైపు చూశాడు. దళవాయి కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"నరికించకండి ప్రభూ," అంది సంకమ్మ. "చేతులు పోయిన ఆ ఇద్దరి కొలిముల్లో తిత్తి ఊదేవాళ్లు లేరు. దొరగారి చేతులు అక్కడ కావాలి."